చుక్క తరువాతి మూడక్షరములు

క్రిందటి నెలలో మా మేనల్లుడు ఒక ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనుచుండెను. ఫోటో జె.పి.జి. రూపముననే ఉండవలెనని నిబంధన. వానియొద్ద నున్నది పి.ఎన్.జి. రూపము. గడువు ఆనాటి రాత్రితో సరి. "ఎంతసేపు మామయ్యా! చివర మూడక్షరాలు మారిస్తే సరిపోదూ!" అని, నేను చూచుచుండగనే ఫైలు పేరులో చుక్క తరువాతి అక్షరములను చెరిపి, జె.పి.జి. అని కొట్టి పంపివేసెను. దరఖాస్తు చేరినది. వాడు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయనగా, సరిగా ఆ పనినే చేసి నేనొకప్పుడు మా పెదనాన్నగారి వ్రాతలో సగమును పోగొట్టితిని. ఆ సంగతి కడపట చెప్పెదను. అంతకుముందు ఈ మూడక్షరముల పుట్టుపూర్వోత్తరములను శ్రోతలకు విన్నవించుట నేటి నా ప్రసంగము.

కంప్యూటరులో దాచిన ప్రతి ఫైలునకును ఒక పేరు, ఆ పేరు చివర ఒక చుక్క, చుక్క తరువాత రెండో మూడో నాలుగో అక్షరములు సాధారణముగా ఉండును. ఇంగ్లీషులో దీనిని ఎక్స్‌టెన్షన్ అందురు. పొడిగింపు అని మనము అనువదింపవచ్చును గాని, నాకు తోక యను మాటయే ఇంపుగా నున్నది. మనవారి పేర్లకు మాత్రము తోకలు లేవా? శాస్త్రి యని పేరు చివర నున్నవారందరును శాస్త్రము చదివినవారు కారు. అయినను పిలుపు సాగుచునే యున్నది. ఫైలు తోకయు నట్టిదే. లోపల నున్నది ఇది యని అది చెప్పును. చెప్పినంతమాత్రమున లోపల నున్నది అది కాబోదు.

లోపల నుండునదేమి? అంకెల వరుస. సున్న మొదలు 255 వరకు గల అంకెలు వేలకొలది, లక్షలకొలది ఒకదాని వెంట ఒకటి నిలిచియుండును. ఆ వరుస ఒక చిత్రమో, ఒక పాటయో, ఒక ఉత్తరమో, యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ప్రోగ్రామో పైకి తెలియదు. ఒకే తీరు జాడీలు నూరు వరుసగా పెట్టినచో, ఏ జాడీలో ఏ పచ్చడి యున్నదో చెప్పుటకు గృహిణి పైన చీటి అంటించును గదా. తోక ఆ చీటి.

ఈ చీటికి మూడే అక్షరములు ఏల వచ్చెననుటలో ఒక చిన్న చరిత్ర యున్నది. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఎం.ఐ.టి. అను విద్యాసంస్థలో, ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను ఏర్పాటు నొకదానిని ప్రదర్శించిరి. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. పదిమంది ఒకే కొట్టులో సామానులు దాచుకొనునప్పుడు పేర్లు లేకున్న పని జరుగదు. ఆ ఏర్పాటులో ప్రతి ఫైలునకు రెండు పేర్లు, ఒక్కొక్కటి ఆరక్షరములకు మించరాదు. మొదటి పేరు ఫైలుది. రెండవదానిని ఫైలు జాతిని తెలుపుటకు వాడుచుండిరి. నడుమ చుక్క లేదు.

అదే రాష్ట్రములో మేనార్డు అను ఊర, పాత ఉన్నిమిల్లు భవనములలో వ్యాపారము సాగించిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థ యుండెను. వారు 1964లో పి.డి.పి.-6 అను యంత్రమును, కొన్ని యేండ్లకు దాని తమ్ముడైన పి.డి.పి.-10ని తయారుచేసిరి. ఈ యంత్రములు లెక్కలను 36 బిట్ల కట్టలుగా కట్టి మోయును. ఒక్కొక్క బిట్టు సున్నయో ఒకటియో. అక్షరమునకు ఆరు బిట్లు చొప్పున వేసినచో ఒక కట్టలో ఆరక్షరములు ఖాళీ లేకుండ సర్దుకొనును. ఆరు బిట్లతో 64 గుర్తులకంటె ఎక్కువ రావు గనుక ఇంగ్లీషు చిన్న అక్షరములకు అందులో చోటే లేదు. ఫైలు పేరునకు ఒక కట్ట కేటాయించిరి. జాతిని తెలుపుటకు మరియొక కట్టలో సగమునే ఇచ్చి, రెండవ సగమును తేది మొదలగు లెక్కలకు ఉంచుకొనిరి. ముప్పదియారులో సగము పదునెనిమిది. పదునెనిమిది బిట్లలో పట్టునవి మూడక్షరములు. ఇంతే. నేడు జగమంతయు వాడుచున్న మూడక్షరముల తోకకు మూలము ఈ సగము కట్ట. జోస్యమును గాదు, వ్యాకరణమును గాదు. ఆనాటి మెమరీ ఖరీదు.

చరిత్ర పాఠములు చెప్పి బ్రతికినవాడను గనుక, ఇట్టి సంగతులు నన్ను మిక్కిలి ఆకర్షించును. కారణము పోయిన తరువాత కూడ ఆచారము నిలుచుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. యంత్రములలో నిట్లు జరుగునని నేననుకొనలేదు.

ఆచారము ఎట్లు నిలిచినదో చూడుడు. గ్యారీ కిల్‌డాల్ అను ఆయన కాలిఫోర్నియాలో నౌకాదళపు కళాశాల నొకదానిలో ఉపాధ్యాయుడు. 1974లో ఆయన బల్లమీద పట్టు చిన్న కంప్యూటర్లకొరకు సి.పి.ఎం. అను నిర్వాహక వ్యవస్థను వ్రాసెను. ఇంటెల్ వారి చిన్న చిప్పులలో 36 బిట్ల కట్ట లేదు, ఎనిమిది బిట్లదే. అక్షరమునకు ఎనిమిది బిట్లు. సగము కట్ట యను ఇబ్బంది ఎచ్చటను లేదు. అయినను ఆయన పెద్ద యంత్రములతో పరిచయము గలవాడు గనుక, పేరునకు ఎనిమిదక్షరములు, తోకకు మూడక్షరములు అని విధించెను. ఫైళ్ల పట్టీలో ఒక్కొక్క పద్దునకు 32 బైట్ల స్థలము; అందులో పదునొకండు బైట్లు పేరునకును తోకకును. నడుమ నుండు చుక్కను మనము కొట్టుదుమే గాని, అది పట్టీలో దాచబడదు. అక్కరలేదు గదా, ఎనిమిది గడులు దాటిన తరువాత వచ్చునది తోకయే.

అక్కడనుండి నడక త్వరితమైనది. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ అను సంస్థలో టిమ్ ప్యాటర్సన్ అను యువకుడు సి.పి.ఎం. వాడినవారికి అలవాటుగా నుండు రీతిని మరియొక వ్యవస్థను వ్రాసెను. మైక్రోసాఫ్ట్ వారు దానిని 1981 జూలైలో కొనిరి. ఆగస్టు 12న ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు ప్రకటింపబడినది. అందు నడచిన డాస్ ఆ కొనుగోలునుండి వచ్చినదే. ఎనిమిదియు మూడును అను లెక్క అందులోనికి అటులనే దిగినది. ఇక ప్రపంచమున నలుమూలల, మన ఊళ్లలో కూడ, పేర్లను ఎనిమిదక్షరములకు కుదించుకొనుట ఒక విద్య యైనది. జె.పి.ఇ.జి. అను చిత్రరూపము జె.పి.జి. యైనది. వెబ్ పుటలకు హెచ్.టి.ఎం.ఎల్. అను నాలుగక్షరముల తోక వచ్చినప్పుడు డాస్ వాడువారు దానిని హెచ్.టి.ఎం. అని కత్తిరించిరి.

1992లో నేను చరిత్ర చెప్పుచున్న కళాశాలకు ఒక కంప్యూటరు వచ్చినది. దాని గదిలోనికి చెప్పులు విడిచి పోవలసియుండెడిది. నేను నేర్చిన మొదటి ఆజ్ఞలలో ఆర్.ఇ.ఎన్. ఒకటి, పేరు మార్చుమని అర్థము. నక్షత్రపు గుర్తు పెట్టి ఒక్క పంక్తి కొట్టినచో ఒక తోక గల ఫైళ్లన్నియు మరియొక తోకతో దర్శనమిచ్చును. రెప్పపాటులో నలుబది ఫైళ్ల జాతి మార్చితినని గర్వపడితిని. మార్చినది చీటి యని, సరుకు గాదని నాకు చెప్పినవారు లేరు.

ఆ యంత్రము కూడ చీటిని అంతగా నమ్మినదా యన్నచో, కొంత నమ్మినది, కొంత నమ్మలేదు. తోక లేకుండ ఒక పేరు కొట్టినచో డాస్ ముందు సి.ఓ.ఎం. తోక గలదానిని, తరువాత ఇ.ఎక్స్.ఇ. తోక గలదానిని, ఆ తరువాత బి.ఎ.టి. తోక గలదానిని వెదకి నడపును. ఇంతవరకు నమ్మకమే. కాని ఇ.ఎక్స్.ఇ. జాతి ఫైలు లోపల మొట్టమొదట ఎం., జెడ్. అను రెండక్షరములు ఉండును. అవి మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మార్క్ జ్బికోవ్‌స్కీ అను ఆయన పొడి అక్షరములు. తరువాతి డాస్ రూపములు నడపబోవునప్పుడు తోకను విడిచి ఈ సంతకమునే చూచెడివి. ఎం., జెడ్. కనబడినచో, తోక సి.ఓ.ఎం. అని యున్నను ఇ.ఎక్స్.ఇ. విధముననే నడపును. ఒక ఉత్తరము ఫైలుకు సి.ఓ.ఎం. తోక తగిలించి నడుపుమన్నచో మాత్రము, సంతకము లేదు గనుక, పాపము ఆ యంత్రము ఉత్తరములోని అక్షరములనే ఆజ్ఞలని భ్రమించి పాటింపబోయి బిగుసుకొనిపోవును.

ఇట్టి లోసంతకములను నమ్ముట మరియొక సంప్రదాయము. 1969లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్స్ అను వ్యవస్థలో చుక్క కూడ ఒక మామూలు అక్షరమే. తోక యను ప్రత్యేక స్థానమే లేదు. నడపదగిన ఫైలేదో తెలియుటకు దాని ప్రారంభమున ఒక సంఖ్య నుంచిరి. ఫైలు లోపలికి తొంగిచూచి ఇది ఫలానా జాతియని చెప్పు ఒక చిన్న ప్రోగ్రామును 1973 నాటికే వ్రాసికొనిరి; దాని పేరు కూడ ఫైలే. అయినను అక్కడ సైతము సి భాష కంపైలరు తోక లేని ప్రోగ్రామును ముట్టుకొనదు. తోక నొల్లమన్నవారి యింటను అది దొడ్డిదారిని వచ్చినది. 1984 జనవరిలో వచ్చిన మెకింటాష్ మరియొక పద్ధతి పట్టినది. ఫైలు జాతికి నాలుగక్షరములు, దానిని పుట్టించిన ప్రోగ్రామునకు నాలుగక్షరములు, రెండును పేరుతో నిమిత్తము లేకుండ ప్రక్కన దాచియుంచును. పేరు ఎట్లు మార్చుకొన్నను జాతి చెడదు. నా మట్టుకు ఇదియే మర్యాదయైన పద్ధతి. కాని ఆ ఫైలు వేరొక జాతి యంత్రమునకు ప్రయాణమైనప్పుడు ఆ ప్రక్క చీటి దారిలో రాలిపోయెడిది. 2001లో వచ్చిన మాక్ ఓ.ఎస్. టెన్ నాటికి వారును తోకల దారి పట్టిరి.

ఇక ముఖ్యమైన మలుపునకు వచ్చుచున్నాను. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వెలువడినది. ఎనిమిదక్షరముల సంకెల తెగినది. పేరు 255 అక్షరముల వరకు పెట్టుకొనవచ్చును. మరియొక దయ కూడ చూపిరి. సామాన్యునకు ఈ చుక్కలు, అక్షరములు వికారముగా నుండునని తలచి, యంత్రము తానెరిగిన తోకలను కంటికి కనబడకుండ దాచినది. తోకకు బదులు బొమ్మ. ఎరుగని తోకలను మాత్రము చూపును. చూపినది తెలియనిదానిని, దాచినది తెలిసినదానిని! తోకను బట్టియే ఫైలును తెరచుట మాత్రము మానలేదు. అనగా, ఏ చీటిని చూచి తాను పని చేయుచున్నదో ఆ చీటిని యజమానునకు చూపుట మానినది. ఇది దయ యని నేననుకొనను. సంవత్సరములు గడచినను, ఈ దాచుట నేటికిని విండోస్‌లో మొదటి ఏర్పాటుగా నున్నది. విప్పి చూడవలెనన్నచో మనమే ఏర్పాటును మార్చుకొనవలెను.

దాని ఫలము 2000 సంవత్సరము మే 4న కనబడినది. ఫిలిప్పీన్స్ దేశమునుండి బయలుదేరిన ఒక ఈమెయిలు గంటలలో ఖండములు దాటినది. శీర్షిక, నిన్ను ప్రేమించుచున్నాను అని. దానికి తగిలించిన ఫైలు పేరు "నీకొక ప్రేమలేఖ" యను అర్థము నిచ్చు ఇంగ్లీషు మాటలు, చుక్క, టి.ఎక్స్.టి. వ్రాతఫైలు గదా, తెరచినచో భయమేమని జనులు తెరచిరి. నిజమునకు ఆ పేరునకు రెండు తోకలు. టి.ఎక్స్.టి. తరువాత ఇంకొక చుక్క, వి.బి.ఎస్. అని ఉన్నది. వి.బి.ఎస్. అనగా యంత్రము పాటించు ఆజ్ఞల జాబితా. ఆ తోకను యంత్రము ఎరుగును. ఎరుగును గనుక దాచినది. మిగిలిన దొంగతోక నిజము తోకవలె కనబడినది.

తెరచినవాని చిరునామాల పుస్తకములోని వారందరికిని ఆ ప్రేమలేఖ వాని పేరుననే పోయినది. అంతటితో ఆగలేదు. అది డిస్కులో జె.పి.జి. చిత్రములను వెదకి, వాని స్థానమున తన ప్రతిని వ్రాసి, పేరు చివర వి.బి.ఎస్. అని తగిలించినది. తోక దాగియుండును గనుక, పెండ్లి ఫోటో పెండ్లి ఫోటోగానే పట్టీలో కనబడుచుండెను. లోపల చిత్రము లేదు. దానిని చూడబోయినవాడు పురుగును మరల మేలుకొలిపెను. బ్రిటిషు పార్లమెంటు తన ఈమెయిలును కొంతసేపు ఆపుకొనవలసి వచ్చినది. ఇట్టి నేరమును శిక్షించు చట్టము అప్పటికి ఆ దేశమున లేకపోయినందున అనుమానితునిపై అభియోగము నిలువలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ యని మనవారు నవ్వులకు చెప్పుకొందురు. ఆ దినమున అది నవ్వులాట కాలేదు.

మా మేనల్లుని ఫోటో సంగతి యేమగునని శ్రోతలు అడుగవచ్చును. పి.ఎన్.జి. చిత్రము లోపల ఆరంభమున 137 అను అంకెయు, ఆ వెంట పి., ఎన్., జి. అను అక్షరములును ఉండును. జె.పి.జి. ఆరంభము వేరు. చిత్రములు చూపు ప్రోగ్రాములు పెక్కు తోకతో పని లేకుండ ఈ ఆరంభమును చూచి చిత్రమును చూపును. అందుచేత వాని ఫోటో అవతల కనబడనే కనబడును. వాడు తన తెలివికి మురిసియుండును. పరీక్షించు యంత్రము లోపలికి చూచునదైనచో త్రోసివేయును. ఏది యగునో నాకు తెలియదు, వానికిని తెలియదు. చిత్రమును నిజముగా మార్చవలెనన్నచో, దానిని ఒక ప్రోగ్రాములో తెరచి, వేరు రూపమున మరల దాచుమని చెప్పవలెను. అప్పుడు లోపలి అంకెలన్నియు క్రొత్తగా లెక్క వేయబడును. ఒక్కొక్కప్పుడు తోక మార్చుటయే మేలగు సందర్భమును లేకపోలేదు. 2007 మొదలు వచ్చిన వర్డ్ ఫైళ్లకు డి.ఓ.సి.ఎక్స్. అని తోక. అది నిజమునకు, 1989లో ఫిల్ కాట్జ్ తెచ్చిన జిప్ అను మూట. దాని మొదటి రెండక్షరములు పి., కె.; ఆయన పొడి అక్షరములు. తోక తీసి జిప్ అని పెట్టినచో మూట విప్పుకొని లోపలి బొమ్మలను విడివిడిగా తీసికొనవచ్చును. ఇక్కడ చీటి మారినందున సరుకు మారలేదు. సరుకు మొదటినుండియు అదే.

ఇక నా సంగతి. మాది కృష్ణాజిల్లా సముద్రతీరమునకు చేరువ గ్రామము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలకొలది ప్రజలు పోయిరి. మా ఊరివారును అందులో నుండిరి. మా పెదనాన్నగారు ఊరి చరిత్రను రెండు భాగములుగా వ్రాసిరి. రెండవ భాగము ఆ రాత్రిని గూర్చియే. అందులో ఆయన ఇల్లిల్లు తిరిగి వ్రాసికొన్న పోయినవారి పేర్ల పట్టీ యుండెను. పట్టణములో డి.టి.పి. పని చేయు ఒకరిచేత 1999లో రెండు భాగములను పేజ్‌మేకర్‌లో కొట్టించితిమి. రెండు ఫైళ్లు, చివర పి.65 అని తోక, ఒక ఫ్లాపీ. డబ్బు చాలక అచ్చు నిలిచినది. 2001లో పెదనాన్నగారు గతించిరి. కాగితపు ప్రతిని చెదలు తినివేసినవి.

2004లో ఒక సాయంకాలము నేను ఆ ఫ్లాపీని నా యంత్రములో పెట్టితిని. నాయొద్ద పేజ్‌మేకర్ లేదు. ఎరుగని తోక గనుక యంత్రము దానిని చూపినది. తెరువలేనన్నది. నేను రెండవ ఫైలు తోకను డి.ఓ.సి. అని మార్చితిని. తోక మార్చినచో ఫైలు పనికిరాకపోవచ్చును, మార్చుదునా యని యంత్రము అడిగినది. అట్టి ప్రశ్నలకు ఔనని నొక్కుట అలవాటు. నొక్కితిని. తోక మాయమై వర్డ్ బొమ్మ వచ్చినది. తెరచితిని. పుటలకొలది పిచ్చి గీతలు. ఆ కాలపు తెలుగు వ్రాత ఫాంటు మీద ఆధారపడునది. ఫాంటు తప్పినచో ఇంగ్లీషు అక్షరములు గజిబిజిగా కనబడుట, సరియైన ఫాంటు పెట్టగనే తెలుగుగా మారుట నేను పెక్కుమారులు చూచియుంటిని. ఇదియు నట్లేయని తెలుగు ఫాంటు పెట్టితిని. తెలుగు అక్షరములే వచ్చినవి. మాటలు మాత్రము కాలేదు. సరిచేయుదమని కొన్ని పంక్తులు చెరిపి, అలసిపోయి, మూయబోగా, మార్పులను దాచుదునా యని యంత్రము అడిగినది. ఔనంటిని.

చెరచినది తోక కాదు. తోకను మరల పి.65 అని మార్చియుండినచో ఫైలు చెక్కుచెదరక యుండెడిది. దాచుమన్న మాటతో వర్డ్ తన రూపమున లోపలి అంకెలన్నిటిని తిరుగ వ్రాసినది. ఈ భేదము నాకు తెలిసినది ఏడేండ్లకు, ఒక పాత డి.టి.పి. మనిషి చెప్పగా. అతడు మొదటి ఫైలు పేరును ముట్టుకొనక, తనయొద్ద మూలనున్న పాత యంత్రమును తుడిచి, అందులో పేజ్‌మేకరును ఆ ఫాంటును ఎక్కించి తెరచెను. ఊరచెరువు త్రవ్వించిన కథతో మొదలై మొదటి భాగము నూట నాలుగు పుటలు యథాతథముగా కనబడినవి. రెండవ ఫైలుకు పాత తోకను తగిలించి చూచెను. పేజ్‌మేకరు దానిని తనదిగా ఒప్పుకొనలేదు.

తరువాత మా పెద్దమ్మ పెట్టెలో, 1999లో దిద్దుటకు తీసిన ప్రూఫు కాగితములు పదునొకండు దొరికినవి. వానిలో ఉత్తరపు వీధివారి పేర్లు మాత్రమే యున్నవి. దక్షిణపు వీధి పండ్రెండవ పుటనుండి మొదలు.